గట్టు కింది పిల్ల

పిల్ల ముందుకాళ్లు రెండూ సరిసమానంగా రాకూడదు. ఒకటి బెత్తెడు ముందు, ఇంకోటి బెత్తెడు వెనక రావాలి. అప్పుడే భుజాలు వాలుగా తిరిగి బయటపడతాయి. వదిన గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని, తెల్లటి పొర వెనక కదులుతున్న గిట్టలను వేళ్లతో తడిమింది. ఉండాల్సినట్టే ఉన్నాయి. వాటి మీద మెత్తగా ముక్కు ఆని ఉంది.

"తల దొరికింది మామయ్యా."

"దొరక్క ఎక్కడికి పోతుంది," అన్నాడు మామయ్య తలుపు దగ్గర స్టూలు మీంచి. "లాగకు. అది తోసినప్పుడే నువ్వు పట్టు."

ఆమెను మరిది వదినా అని పిలిచేవాడు. వాడిని విని దాణా లారీ డ్రైవరు, నాడాలు కొట్టే మనిషి, ఆఖరికి ఆమెకన్నా ఇరవయ్యేళ్లు పెద్దదైన పశువుల డాక్టరమ్మ కూడా వదినా అనడం మొదలుపెట్టారు. ఇప్పుడా ఫారంలో ఆమెకు ఇంకో పేరు లేదు.

రాగి మరోసారి మూలిగి తోసింది. రాగి రంగు గుర్రమది, ఐదో కాన్పు. వదిన రెండు చేతులతో పిల్ల కాళ్లు పట్టుకుని తల్లి మడమల వైపు కిందికి వంచింది. భుజాలు వచ్చాయి. మిగతా ఒళ్లంతా ఒక్కసారి జారి ఒళ్లో పడింది. ఆడపిల్ల. ఎడమ భుజం మీద అరచేయంత తెల్ల మచ్చ. కిటికీలో అప్పుడే వెలుతురు పడుతోంది.

ముక్కు మీది పొర తీసింది. బొడ్డుకు అయోడిన్ పట్టించింది. మాయ పడ్డాక దాన్ని గచ్చు మీద పరిచి, ఎక్కడైనా ముక్క తెగి లోపల ఉండిపోయిందేమోనని అంచులన్నీ చూసింది. నలభై నిమిషాలకు పిల్ల నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకూ చాచి లేచింది, పడింది, లేచింది, మళ్లీ పడింది.

"అచ్చం మా అన్నయ్య పెళ్లిలో నేను డాన్సు చేసినట్టుంది," అన్నాడు మరిది.

"దానికి ఇంకో పది నిమిషాల్లో వచ్చేస్తుంది. నీకిప్పటికీ రాలేదు," అంది వదిన.

పిల్ల చన్ను పట్టుకున్న సమయానికి బూట్లాయన వచ్చాడు. ఎగువ ఫారం ఆయనది. పరుగు ట్రాకు, టైల్సు వేసిన గుర్రపుసాలలు, మోకాళ్ల దాకా మెరిసే గోధుమరంగు బూట్లు. ఆ బూట్లతో పుట్టాడని మరిది అంటుంటాడు. రాగిని దాటించింది ఆయన మగగుర్రానికే. అందుకని పిల్లను చూసే హక్కు ఉందనుకున్నాడు.

తలుపు ముందు వదిన పెట్టిన మందునీళ్ల తొట్టి ఉంది. పక్కన అట్టముక్క మీద "చెప్పులు బయట" అని బొగ్గుతో రాసి ఉంది. పసిపిల్ల ఉన్నన్నాళ్లూ బయటి మట్టి లోపలికి రాకూడదు.

"బూట్లు విప్పండి," అంది.

"మీ షెడ్డుకన్నా నా బూట్లే శుభ్రం," అని నవ్వి, తొట్టిని దాటి, కొత్త గడ్డి తొక్కుకుంటూ వచ్చి నిలబడ్డాడు. "అంతా మావాడి పోలికే. ఆ భుజం మీది మచ్చ చూడండి. మా ఫారంలో ఈ వారంలోనే ఒకటి ఈనుతుంది. దానికీ ఇదే మచ్చ వస్తుంది, రాసిపెట్టుకోండి."

ఆయన వెళ్లాక వదిన ఆయన తొక్కిన గడ్డంతా చేత్తో ఏరి బయట పారేసింది.

*

మూడో రోజు మధ్యాహ్నానికి ఏరు గట్టు అంచుల దాకా వచ్చింది. వదిన భర్త రెండు గుర్రాలను అప్పగించడానికి అవతలి ఒడ్డుకు వెళ్లి, వంతెన మునగడంతో అక్కడే ఇరుక్కుపోయాడు. గంటకోసారి ఫోన్ చేసి అవే మాటలు చెప్పాడు. "గట్టు గట్టిది. నేను చూశాను. భయపడకు."

గట్టు నిజంగానే గట్టిది. మరిది, మామయ్య మిగతా గుర్రాలను ఇంటి ముందున్న పై సాలలోకి తోలుతున్నారు. రాగినీ పిల్లనీ ఆఖర్న తీసుకెళ్లాలనుకున్నారు. పసిపిల్ల తడవకూడదని వాన తగ్గేదాకా ఆగారు. అలా ఆగిపోవడాన్ని వదిన తరవాత ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు.

షెడ్డు కప్పు మీద రేకు లేచిపోతుంటే తాడు కట్టడానికి నిచ్చెనెక్కింది. అక్కణ్ణుంచి గట్టు వంపు తిన్నగా కనిపిస్తుంది. దాని మీద పసుపుపచ్చ ప్రొక్లెయిన్ ఒకటి నిలబడి ఉంది. దాని చెయ్యి లేచింది, గట్టు నడుములోకి దిగింది, బారెడు మట్టి తీసి పక్కన పోసింది. మళ్లీ లేచింది. దాని పక్కన ఒక మనిషి చేతికర్రతో ఇక్కడ, ఇంకా ఇక్కడ అని చూపిస్తున్నాడు. ముఖం కనిపించలేదు. బూట్లు కనిపించాయి.

ఆమె ఏం చూస్తోందో ఆమెకు అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. ఇటు తెగితే అటు తగ్గుతుంది. ఆయన ట్రాకు, ఆయన టైల్సు పొడిగా ఉంటాయి.

నిచ్చెన దిగేలోపే చప్పుడు వచ్చింది. నీళ్లు మోకాలి దాకా వచ్చాక షెడ్డు తలుపు చేరింది. నడుము దాకా వచ్చాక గడియ తీయగలిగింది. తలుపు లోపలికి తెరుచుకునేది, బురద దాన్ని బిగించేసింది. భుజంతో మూడుసార్లు గుద్దింది. రాగి ఆమెను తోసుకుంటూ బయటపడి, ఛాతీ దాకా నీళ్లలో ఎదురీదుతూ మెరక వైపు వెళ్లింది. పిల్లను వదిన మెడ కింద ఒక చెయ్యి, తోక కింద ఒక చెయ్యి వేసి ఎత్తింది. కంచె దాకా తీసుకొచ్చింది. మెరక ఇంకో పది అడుగులు ఉంది. అక్కడ ఏదో దుంగ వచ్చి ఆమె కాళ్లకు కొట్టింది.

పిల్ల మర్నాడు పొద్దున కంచె తీగల్లో దొరికింది. మరిది తీగలు కత్తిరించి దించాడు. ఆ రోజు వాడు ఒక్క జోకూ వెయ్యలేదు.

*

నీళ్లు వెళ్లిపోతూ బురద వదిలిపెట్టాయి. మోకాలి లోతు, జిగురుగా, కుళ్లు వాసనతో. వదిన, మరిది పలకపారలతో షెడ్డు గోడల వెంట గీకారు. తడిసిన ఎండుగడ్డి మోపులు లోపల్లోపల వేడెక్కి పొగలు కక్కుతుంటే బయటికి లాగి విడదీశారు. అది తింటే గుర్రం పేగు మెలిపడుతుంది. గుర్రాల కాళ్లు కడిగి, తుడిచి, గిట్టల పైన పగుళ్లకు మందు రాశారు. నీళ్ల తొట్లు తోమారు, బావిలో మందు కలిపారు. వంతెన దెబ్బతినడంతో వదిన భర్త ఇంకా అవతలి ఒడ్డునే ఉన్నాడు.

రాగి మాత్రం కంచె దగ్గరే నిలబడింది. పొదుగు రాయిలా బిగిసిపోయింది. వదిన రోజుకు ఐదారుసార్లు వెళ్లి, దాని పక్కకు తల ఆనించి, రెండు వేళ్లతో పాలు పిండి నేల మీద వదిలేసింది.

"ఎండగట్టెయ్యండి వదినా," అంది డాక్టరమ్మ మరిది ఫోన్లో. "పిండుతూ ఉంటే వస్తూనే ఉంటాయి."

"రానీ," అంది వదిన. తనెందుకు పిండుతోందో ఆమెకే తెలియదు.

అటక మీద ఉప్పు వాసన వస్తే ఎక్కి చూసింది. గోనెపట్టాలో చుట్టి ఉంది పిల్ల తోలు. భుజం మచ్చ పైకి కనిపిస్తోంది. కిందికి దిగి మామయ్య ముందు నిలబడింది.

"మనిషివేనా నువ్వు."

మామయ్య తల దించుకునే సమాధానం చెప్పాడు. "మా నాన్న నేర్పిన పని. పాలున్న తల్లి ఉన్నప్పుడు తోలు పూడ్చకూడదు. ఎక్కడో ఒకచోట తల్లి లేని పిల్ల ఉంటుంది. ఈ తోలు కప్పితే తన పిల్లే అనుకుని పాలిస్తుంది."

"ఉండనీ."

నీటిపారుదల ఇంజనీరు వచ్చి గట్టు కోత ముందు నిలబడి ఫొటో తీసుకున్నాడు. వదిన చూసింది చూసినట్టు చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఫొటో ఉందా అమ్మా?"

"ఫోన్ జేబులోనే ఉంది. నాతోపాటు మునిగింది."

"ఇంకెవరైనా చూశారా?"

"అది తవ్వినవాడు చూశాడు."

"అతను పది రోజుల నుంచి సెలవులో ఉన్నాడట," అన్నాడు ఇంజనీరు. కాగితం మీద ఏదో రాశాడు. తలకిందులుగా ఉన్నా వదిన చదవగలిగింది. గట్టు దానంతటదే తెగింది అని ఉంది.

ఆ సాయంత్రం ఆమె గొడ్డలికి పదును పెట్టింది. విరిగిన కంచె గుంజలు చెక్కడానికే. అయినా మరిది రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు.

"వదినా, ఆ గొడ్డలి గుంజలకేగా?"

"ఈ పూటకి గుంజలకే."

*

నీళ్లు తీసిన నాలుగో రోజు డాక్టరమ్మ వ్యాను దిగి, మందునీళ్ల తొట్టిలో కాళ్లు ముంచి, చాలాసేపు చేతులు తుడుచుకుంది. వదిన పార ఆపలేదు.

"చెప్పు డాక్టరమ్మా. తుడిచింది చాలు, చర్మం ఊడుతుంది."

"ఎగువాయన గుర్రం పోయింది. అదే, పెద్ద పందెం గెలిచింది. తడిగడ్డి పెట్టారు, పేగు మెలిపడింది. పిల్ల మిగిలింది. మగపిల్ల. నాలుగు రోజులది." ఆమె ఆగింది. "సీసా పట్టడం లేదు. పొడిపాలు పోస్తే విరోచనాలు. రెండు రోజులకన్నా ఉండదు. ఈ చుట్టుపక్కల పాలున్న తల్లి..."

పార ఆగింది.

వదిన ఎన్ని రోజులుగా వెతుకుతున్న వస్తువో తనంతట తాను నడిచొచ్చి గుమ్మంలో నిలబడింది. ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు. రెండు రోజులు పార పట్టుకుని బురద గీక్కుంటే చాలు.

"రాగిని పైకి పంపమంటున్నాడా?"

"వ్యాను సిద్ధంగా ఉందట. మీరేం అడిగినా సరేనంటున్నాడు."

"ఆ పిల్లకి తెల్ల మచ్చ ఉందా? భుజం మీద?"

డాక్టరమ్మకు ప్రశ్న అర్థం కాలేదు. "ఉంది. ఎందుకు?"

వదిన పారకు అంటిన బురదను కాలితో రాల్చింది. గట్టు వైపు చూసింది. ప్రొక్లెయిన్ వదిలిన కోత అలాగే నోరు తెరుచుకుని ఉంది. దాని కింద తిన్నగా, ఈ షెడ్డు.

"రాగి రాదు," అంది. "తన గదిలో అయితేనే అది పిల్లని దగ్గరికి రానిస్తుంది. పిల్లనే ఇక్కడికి తేవాలి. పనివాళ్లు కాదు. ఆయనే పట్టుకోవాలి."

అటక మీంచి ఉప్పు పట్టించిన తోలు దించడానికి మామయ్య అప్పటికే నిచ్చెన వేస్తున్నాడు.

*

బూట్లాయన పిల్లను రెండు చేతుల మీద ఎత్తుకుని వచ్చాడు. అది ఖాళీ సంచిలా వేలాడుతోంది. ఈసారి తొట్టి ముందు ఆగాడు, కానీ చేతుల్లో పిల్ల ఉంది కదా అన్నట్టు వదిన వైపు చూసి, బూట్లతోనే లోపలికొచ్చాడు.

రాగి తలతాడు మరిది పట్టుకున్నాడు. పరాయి వాసన తెలియకుండా దాని ముక్కుపుటాలకు డాక్టరమ్మ ఘాటైన తైలం రాసింది. వదిన రాగి పాలు పిండి పిల్ల తల మీద, వెన్ను మీద, తోక కింద పూసింది. అప్పుడు మామయ్య గోనెపట్టా విప్పాడు.

ఉప్పు దులిపిన తోలును వదిన పిల్ల వీపు మీద కప్పి, పొట్ట కింద తాళ్లు ముడివేసింది. మచ్చ మీద మచ్చ సరిగ్గా పడింది. బూట్లాయన వేళ్లు దాన్ని తాకి వెనక్కి పోయాయి.

"ఇది..."

"మీరు చూసిందే. మీవాడి పోలిక."

ఆయన గొంతు సర్దుకున్నాడు. "చూడమ్మా, ఆ రోజు గట్టు..."

"మాట్లాడకండి. గుర్రం బెదురుతుంది."

రాగి అరిచింది. వెనకకాలు లేపి గోడను తన్నింది. పెచ్చులు రాలాయి. పిల్లను పట్టుకున్నవాడు కదలకూడదు, గుర్రానికీ గోడకీ మధ్య వంగి, పిల్ల మూతిని పొదుగు దగ్గర నిలబెట్టి ఉంచాలి. వదిన ఆయన్ను అలా గంటసేపు ఉంచింది. రెండోసారి తన్ను ఆయన తొడను రాసుకుంటూ పోయింది. ఆయన పళ్లు బిగించాడు గానీ పిల్లను వదల్లేదు. వదినకు నచ్చని సంగతి ఒక్కటే, ఆయన వదలకపోవడం.

రాగి తల తిప్పింది. తోక దగ్గర వాసన చూసింది. భుజం మచ్చ దగ్గర చూసింది, చాలాసేపు చూసింది. గొంతులోంచి సన్నగా గురగుర శబ్దం వచ్చింది. పిల్లలతో తప్ప ఇంకెవరితోనూ గుర్రం మాట్లాడని మాట అది. ఆ శబ్దం వినగానే వదిన గోడ వైపు తిరిగింది.

మళ్లీ ఇటు తిరిగేసరికి పిల్ల తాగుతోంది. తోక చిన్నగా ఊగుతోంది.

"బతికింది," అంది డాక్టరమ్మ.

బూట్లాయన నడుం పట్టుకుని లేచాడు. కళ్లు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం అప్పుడే పాత గొంతయింది. "చాలా సంతోషం. రెండు రోజులాగి వ్యాను పంపిస్తాను. తల్లినీ పిల్లనీ మా దగ్గర..."

"ఆరు నెలలు పాలు తాగాలి," అంది వదిన. "ఈ గదిలోనే తాగుతుంది."

"ఇది పల్లం కదమ్మా. ఇంకా వానలు..."

"అవును, పల్లమే."

ఆయన తెరిచిన తలుపులోంచి బయటికి చూశాడు. గట్టు కోత అక్కణ్ణుంచి అద్దంలో బొమ్మలా కనిపిస్తుంది. పిల్ల చప్పరింత వినిపిస్తోంది.

"గట్టు అలా వదిలేశారేమిటి," అన్నాడు చివరికి.

"దానంతటదే తెగిందట కదా. దానంతటదే పూడుతుందేమోనని చూస్తున్నాం."

మరిది దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

*

మర్నాడు పొద్దున్నే ప్రొక్లెయిన్ వచ్చింది. సెలవులో ఉన్న డ్రైవరే నడుపుతున్నాడు. రెండు రోజులు మట్టి పోశారు. మూడో రోజుకి కోత సగం పూడింది. ఆ తెల్లవారుజామున ఎగువన మబ్బు కమ్మింది.

వదినకు వాన వాసన నిద్రలోనే తెలిసింది. లేచి షెడ్డుకు వెళ్లింది. గట్టు తట్టుకోకపోతే ఏం చెయ్యాలో ఈ మూడు రోజులూ బాగా ఆలోచించి పెట్టుకుంది. రాగి తలతాడు విప్పుతుంది. రాగిని ఒక్కదాన్నే. తలుపు వేస్తుంది. ఆయనకు కూడా పది అడుగుల దూరం అంటే ఏమిటో తెలియాలి.

తలుపు తీసింది. పిల్ల గడ్డిలో పడుకుని ఉంది. తోలు తీసేసి రోజు దాటింది, ఇప్పుడు దాని మచ్చ దానిదే. వదినను చూసి తల ఎత్తి, ముందుకాళ్లు చాచి, ఒకటి బెత్తెడు ముందు, ఒకటి బెత్తెడు వెనక పెట్టుకుని లేచి నిలబడింది.

ఆమె రాగిని ముట్టుకోలేదు. ముందు పిల్లనే ఎత్తింది. మెడ కింద ఒక చెయ్యి, తోక కింద ఒక చెయ్యి. కంచె దాటేటప్పుడు ఆగకుండా నడిచింది. వెనక రాగి తాడు లేకుండానే వచ్చింది. ఇంటి ముందు మామయ్య మొహం కడుక్కుంటున్నాడు. చూశాడు, చెంబు కింద పెట్టి, పై సాల తలుపు తెరిచాడు.

వాన మొదలైన అరగంటకు బూట్లాయన ఉన్నవాళ్లందరినీ లారీలో ఎక్కించుకుని వచ్చాడు. ఇసుక బస్తాలు, తార్పాలిన్లు, పారలు. ప్రొక్లెయిన్ బురదలో దిగబడిపోతే చేతులతోనే మొదలుపెట్టారు. ఆయన కూడా బస్తా వీపు మీద వేసుకుని గట్టెక్కాడు, జారాడు, మళ్లీ ఎక్కాడు. ఏరు లేస్తోంది. ఇటు తట్టుకుంటే అటు లేస్తుంది. మధ్యాహ్నానికి ఆయన పనివాడొకడు పరిగెత్తుకొచ్చి ట్రాకు మీదికి నీళ్లొచ్చాయని చెప్పాడు. ఆయన షెడ్డు వైపు చూశాడు. మూసి ఉన్న తలుపు వైపు.

"రానీ," అన్నాడు. "బస్తాలు తే."

ఇదంతా వదిన పై సాల గుమ్మంలో నిలబడి చూసింది. మరిది రెండు టీ గ్లాసులతో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"వదినా, పిల్ల ఇక్కడుందని ఆయనకి చెప్పొద్దా?"

"అడిగితే చెబుదాం."

"అడిగే తీరిక ఉన్నట్టు లేదు."

"మరింకేం."

టీ వేడిగా ఉంది. చాలా రోజుల తరవాత దాని రుచి ఆమెకు తెలిసింది.

చీకటి పడకముందే వాన వెలిసింది. గట్టు నిలబడింది. ఎగువన తెల్ల రంగు వేసిన ట్రాకు కంచె ఎక్కడా కనిపించడం లేదు, నీళ్లే ఉన్నాయి. బూట్లాయన కుంటుకుంటూ షెడ్డు దగ్గరికొచ్చాడు. వదిన దిగి వచ్చి అక్కడే నిలబడి ఉంది. ఆయన మందునీళ్ల తొట్టి ముందు ఆగి, గోడకు ఆనుకుని, ఒక్కో బూటూ లాగాడు. ఊడి రావడానికి చాలాసేపు పట్టింది. లోపలి నుంచి బురదనీళ్లు కారాయి. వట్టి కాళ్లు తొట్టిలో ముంచి, తలుపు తీసి లోపలికెళ్లాడు.

గడ్డి పొడిగా ఉంది. ఎవరూ లేరు.

"పిల్ల ఏదీ?"

"పై సాలలో."

"ఎప్పట్నుంచి?"

"పొద్దున్నుంచి."

ఆయన ఆమె ముఖం చూశాడు. గట్టు వైపు చూశాడు. ఎగువన మునిగిన ట్రాకు వైపు చూశాడు.

"చూడొచ్చా?" అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో.

వదిన దారిచ్చింది. ఆయన పై సాల గుమ్మం దగ్గరికి వెళ్లగానే రాగి చెవులు వెనక్కి వాల్చి, పళ్లు చూపించి, పిల్లకూ ఆయనకూ మధ్య అడ్డంగా నిలబడింది. ఆయన అక్కడే ఆగిపోయాడు. దాని కాళ్ల సందుల్లోంచి పిల్ల మూతి మాత్రం కనిపించింది.

"గట్టు అవతలి కొస ఇంకా మూడు అడుగులు తక్కువుంది," అంది వదిన వెనకనుంచి. "తెల్లారగానే పిల్ల మళ్లీ కిందికి దిగుతుంది. దాని గది అదే."

ఆయన తల ఊపాడు. చేత్తో బూట్లు పట్టుకుని, వట్టి కాళ్లతో బురదలో నడుచుకుంటూ వెళ్లాడు.

మర్నాడు సూర్యుడికన్నా ముందే గట్టు మీద పారల చప్పుడు వినిపించింది.